ఏ గంగవరం? ఏ దిబ్బపాలెం?

(భూగోళం మాస్టారి స్మారకోపన్యాసం, గాజువాక)



నిర్వాహకులు నాకు పెట్టిన షరతులు రెండే. విషయం భూగోళానికి దగ్గరగా ఉండాలి, గాజువాకకి మరీ దూరం పోకూడదు. మాస్టారికి ఒక అలవాటు ఉండేదని ఆయన శిష్యులందరికీ తెలుసు. కొత్తగా చేరిన పిల్లాడు తనది వెంకటాపురం అంటే, "ఏ వెంకటాపురం?" అని అడిగేవారు. వాడు బిక్కమొహం వేస్తే తాలూకా పేరు చెప్పేదాకా కూర్చోనిచ్చేవారు కాదు. ఇవాళ్టి నా ఉపన్యాసం ఆ ప్రశ్న మీదే. రెండు చోట్ల ఒకే పేరు కనిపిస్తే, అది రెండో చోటికి ఎలా చేరిందని అడగాలి. నేలని చూసి పెట్టారా, రాజు పెట్టాడా, ఓడ మోసుకొచ్చిందా, లేక ఊరు పోగొట్టుకున్నవాడు వెంట తెచ్చుకున్నాడా? ఈ నాలుగింటిలో చివరిదాన్ని మనం సరిగా లెక్కలోకి తీసుకోలేదన్నది నా ఫిర్యాదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

దగ్గర్లోంచే మొదలుపెడదాం. మన ఆటోనగర్ ఉంది కదా. విజయవాడలో ఆటోనగర్ ఉంది, గుంటూరులో ఉంది, హైదరాబాదులో ఉంది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పార్శిల్ బుక్ చేసే కుర్రాణ్ణి ఒకసారి గమనించండి. రసీదు మీద ఆటోనగర్ అని రాసి, పెన్ను ఎత్తకుండానే పక్కన బ్రాకెట్లో గాజువాక అని వేస్తాడు. ఆ బ్రాకెట్ మర్చిపోయాడా, మన లారీ గేర్‌బాక్సు గుంటూరులో దిగుతుంది. గంగవరం సంగతీ అంతే. ప్రపంచం ఓడరేవుల జాబితాలో ఉన్న గంగవరం మనదే గానీ, చిత్తూరు జిల్లా పలమనేరు పక్కన ఒక గంగవరం మండలం ఉంది, రంపచోడవరం వైపు మన్యంలో ఇంకో గంగవరం ఉంది. గంగమ్మ తల్లికి భక్తులు ఒక్క చోటే ఉండరు కదా!

ఈ చిక్కుకి మనవాళ్ళు ఎప్పుడో మందు కనిపెట్టారు. మనుషులకి ఉన్నట్టే ఊళ్ళకీ ఇంటిపేరు తగిలించి, దాన్ని పొడి అక్షరం చేసేశారు. ఉత్తరాంధ్రలో ఈ అలవాటు మరీ ఎక్కువ. శృంగవరపుకోట ఎస్.కోట అయింది. సర్వసిద్ధి రాయవరం ఎస్.రాయవరం అయింది. గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టింది ఆ రాయవరంలోనే, మేనమామ గారింట్లో. గోదావరి జిల్లాలో మండపేట పక్కన ఇంకో రాయవరం ఉంది కాబట్టి, ఆ ఎస్ లేకపోతే మహాకవి జన్మస్థలం చూడ్డానికి బయల్దేరినవాళ్ళు వరి చేలల్లో తేలతారు. మాడుగులలు రెండున్నాయి. కొండ కింద ఉన్నది వి.మాడుగుల, హల్వాకి పేరుపడ్డ ఊరు. కొండ మీద ఏజెన్సీలో ఉన్నది గంగరాజు మాడుగుల, అంటే జి.మాడుగుల. హల్వా కోసం ఘాట్ రోడ్డెక్కితే పెట్రోలు దండగ. విజయవాడ వైపు విమానం దిగే గన్నవరం ఒకటి, కోనసీమలో పి.గన్నవరం ఒకటి. 1985లో మండలాలు వచ్చాక బస్సు బోర్డుల నుంచి ఆఫీసు సీళ్ళ దాకా ఈ పొడి అక్షరాలు ఎక్కేశాయి. సగం మందికి అవి దేనికి పొడో గుర్తులేకపోయినా పని నడిచిపోతోంది.

పని నడవనిది ఆపద వేళ. 2020 మే 7న తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి కమ్మేసిన ఊరి పూర్తి పేరు ఆర్.ఆర్.వెంకటాపురం. పొద్దున్నే వార్తల్లో వెంకటాపురం అన్న మాట ఒక్కటే చెవిన పడినవాళ్ళు ఎన్నెన్ని వెంకటాపురాలకి ఫోన్లు చేసి ఉంటారో ఊహించండి. పొడి అక్షరం అంత చిన్న విషయమేం కాదు.

తపాలా శాఖవాళ్ళు ఇదే మందుని అంకెల్లో నూరారు. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ పెట్టినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి ఒకే పేరున్న ఊళ్ళు. ఇంకొకటి, చిరునామాలు రకరకాల భాషల్లో రాయడం. ఆ పద్ధతిని తయారుచేసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఉద్యోగరీత్యా తపాలా అధికారి, స్వతహాగా సంస్కృత కవి. అప్పటినుంచి గాజువాక 530026. పేరు ఎన్ని చోట్ల ఉన్నా ఆ ఆరంకెలు మనవే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు కొంచెం పెద్ద జంటల దగ్గరికి వద్దాం. శ్రీకాకుళాలు రెండు. ఒకటి కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉంది. ఆంధ్రమహావిష్ణువు కొలువున్న ఊరు అది. కళింగ దండయాత్ర దారిలో కృష్ణదేవరాయలు అక్కడ ఆగాడు. స్వామి కలలో కనిపించి ఆముక్తమాల్యద తెలుగులో రాయమన్నది అక్కడే. రెండోది మన పొరుగు శ్రీకాకుళం, నాగావళి ఒడ్డుది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని చికాకోల్ అన్నారు. రైల్వేవాళ్ళు శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి ఇప్పటికీ వాడే కోడ్ సి.హెచ్.ఇ., ఆ చికాకోల్ తాలూకు మిగులు. ఆ స్టేషను ఉన్నది ఆముదాలవలసలో, అది వేరే తమాషా. జిల్లాగా శ్రీకాకుళం విశాఖపట్నం నుంచి విడిపోయింది 1950లో. రాయలవారి కల మన శ్రీకాకుళంలోనే వచ్చిందని నమ్మేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆ గౌరవం వదులుకోవడానికి బాధ పడనక్కర్లేదు. రాయలు అదే యాత్రలో సింహాచలం దాకా వచ్చాడు, 1516 నాటి ఆయన శాసనం కొండ మీద ఉంది. గాజువాక నుంచి సిటీ బస్సు దూరం. కల అటు, శాసనం ఇటు.

విజయనగరాలు కూడా రెండే. ఇక్కడే గాజువాకకి సంబంధించిన ముక్క ఒకటుంది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో దక్షిణాదికి మూడు ఉక్కు కర్మాగారాలు ప్రకటించింది. విశాఖపట్నం, సేలం, విజయనగర్. 1966లో విశాఖ ఉక్కు కోసం జరిగిన ఆందోళనలో 32 మంది ప్రాణాలు పోయాక వచ్చిన ప్రకటన అది. అందులోని విజయనగర్ మన పక్కనున్న పూసపాటివారి విజయనగరం కాదు, హంపీ ఉన్న విజయనగర ప్రాంతం, హోస్పేట దగ్గరది. ఒకే ప్రకటనలో విశాఖ, విజయనగర్ పక్కపక్కనే వినపడితే మనవాళ్ళెవరైనా ఇంటి పక్కనే రెండు ప్లాంట్లు అనుకున్నా తప్పులేదు. మన విజయనగరంలో కోటకి 1713లో శంకుస్థాపన జరిగింది, జిల్లా అయింది 1979లో. అవతల విజయనగర 2021లో జిల్లా అయింది. ఇప్పుడు దేశంలో ఈ పేరుతో రెండు జిల్లాలు. మనది ఇంగ్లీషులో జెడ్ అక్షరంతో రాస్తారు కాబట్టి ఫైళ్ళు తారుమారు కావడంలేదు. దొరల అక్షరక్రమం ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది.

ఇక ఆ మూడోది, సేలం. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రానికి రాజధాని సేలం. మసాచుసెట్స్‌లో ఇంకో సేలం ఉంది, మంత్రగత్తెలన్న నెపంతో మనుషుల్ని ఉరితీసిన ఊరు. వాళ్ళ సేలం బైబిల్లోంచి వచ్చింది. తమిళుల సేలంతో దానికి ఏ చుట్టరికమూ లేదు, కాకతాళీయం. అదే ఒరెగాన్‌లో మద్రాస్ అనే చిన్న ఊరుంది. దానికి ఆ పేరు మద్రాసు గుడ్డ మీద నుంచి వచ్చిందని చెప్తారు. మన తీరం మగ్గాల మీద నేసిన నూలు బట్ట రకం పేరు అమెరికా పడమటి కొసన ఊరై కూర్చుంది. ఒకే రాష్ట్రంలో రెండు పేర్లు, రెండూ మనకి తెలిసినవే. ఒకదానికి మనతో సంబంధం లేదు, ఇంకోదానికి ఉంది. చూపుకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే పేరు పోలిక చూసి వెంటనే చుట్టరికం కలుపుకోవద్దంటాను. ఫిలిప్పీన్స్‌లో కళింగ అనే రాష్ట్రం ఉంది, మన కళింగ నావికులు అక్కడ దిగారని సంబరపడేవాళ్ళని చూశాను. ఆ పేరు అక్కడి స్థానిక భాషల్లోంచి వచ్చింది.

రాజులు పెట్టిన పేర్ల గురించి ఎక్కువ చెప్పను. 1591లో కులీకుతుబ్ షా హైదరాబాదు కట్టాడు, 1768లో గులాంషా కల్హోరా సింధులో హైదరాబాదు కట్టాడు. నాంపల్లి స్టేషనుని హైదరాబాద్ డెక్కన్ అనేది ఆ రెండోదానితో కలిసిపోకుండా ఉండడానికే. రాజధాని కోసం 2015లో మనం అమరావతి పేరు ఎత్తుకున్నప్పుడు విదర్భలో ఒక అమరావతి అప్పటికే ఉంది. అంతకన్నా ముందు, ఇప్పటి వియత్నాంలో, చంపా రాజ్యంలో అమరావతి అని ఒక మండలం ఉండేది, విజయ అని ఒక నగరం ఉండేది. ఆ రాజ్యం పాత రాజధానుల్లో ఒకటి సింహపురం. ఇటు నెల్లూరు సింహపురి. శ్రీకాకుళం దగ్గరి సింగుపురం కళింగుల రాజధాని సింహపురమని చరిత్రకారులు చెప్తారు. సింగపూర్ సంగతి మీకు తెలుసు, పులులు తిరిగిన దీవికి సింహం పేరు పెట్టారు. ఈ సింహాలన్నీ పురాణాల్లోంచి, సంస్కృతంలోంచి నడిచాయి. పెట్టినవాడికి కీర్తి కావాలి, ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు.

నేలని చూసి పెట్టిన పేర్లు అంతకన్నా నిజాయితీ గలవి. మన హార్బరుకి అడ్డంగా నిలబడ్డ కొండని మనం యారాడ కొండ అంటాం, ఇంగ్లీషువాడు డాల్ఫిన్ నోస్ అన్నాడు. కూనూరులో వాడికి ఇంకో డాల్ఫిన్ నోస్ కనిపించింది, కొడైకెనాల్లో మరొకటి. నీలగిరుల్లో, పళని కొండల్లో డాల్ఫిన్ ఏం చేస్తుందని అడక్కండి. సముద్రం దాటొచ్చినవాడికి ముందుకు పొడుచుకొచ్చిన రాయి ఎక్కడ చూసినా డాల్ఫిన్ ముక్కే గుర్తొచ్చింది. మన పాలేలు, పేటలు, వలసలు కూడా ఈ కోవలోవే. వలస వచ్చినవాళ్ళు కొత్తగా కాపురం పెడితే కొత్తవలస. అందుకే ఉత్తరాంధ్రలో జంక్షనున్న కొత్తవలస ఒక్కటే కొత్తవలస కాదు.

రేవు పట్నం సభలో ఓడల గురించి మాట్లాడకపోతే బాగుండదు. గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన, మరమ్మతు చేసిన రేవు. 1789లో ఒక తుఫాను, 1839లో మరో తుఫాను దాన్ని తుడిచిపెట్టాయి. ఇప్పుడు మడ అడవి చూడ్డానికి వెళ్తున్నాం. కానీ ఆ ఊరి పేరు అప్పటికే ఓడలెక్కి దేశాలు తిరిగింది. బర్మా వెళ్ళిన తెలుగువాణ్ణి అక్కడ కోరంగీ అన్నారు. అతను విశాఖపట్నం మనిషైనా, గంజాం మనిషైనా అదే పేరు. ఇంకో చోటు చెప్తాను. ఆస్ట్రేలియాకి ఈశాన్యంగా, పగడాల సముద్రంలో, మనుషులు లేని చిన్న దిబ్బలున్నాయి. వాటి పేరు కోరింగా. 1845లో కోరింగా ప్యాకెట్ అనే ఓడ అక్కడ పగిలిపోయింది, దాని పేరు ఆ దిబ్బలకి పడింది. గోదావరి పాయ పక్కన పుట్టిన పేరు ఇవాళ ఆస్ట్రేలియా పటంలో పక్షులు గుడ్లు పెట్టే చోటికి ఉంది.

కోరమాండల్ ఇంకా దూరం పోయింది. చోళమండలం పేరే పరాయి నోళ్ళలో పడి అలా మారిందంటారు. 1820లో కోరమాండల్ అనే బ్రిటిష్ నౌక తెరచాప కొయ్యల కోసం న్యూజిలాండ్‌లో ఒక రేవులో ఆగింది. ఇవాళ అక్కడ ఊరు కోరమాండల్, ద్వీపకల్పం మొత్తం కోరమాండల్. 1837లో అదే పేరున్న ఇంకో ఓడ దక్షిణ ఆస్ట్రేలియా చేరితే కొందరు నావికులు దిగి పారిపోయి కొండల్లో దాక్కున్నారు. వాళ్ళు దాక్కున్న చోటు కోరమాండల్ వ్యాలీ అయింది. మారిషస్‌లో పోర్ట్ లూయీ పక్కన ఒక కోరమాండల్ ఉంది. మన దగ్గర 1967లో ఎరువుల కర్మాగారం వచ్చాక, శ్రీహరిపురం వైపు ఎవరినైనా కోరమాండల్ ఎక్కడంటే గేటు చూపిస్తారు. అసలు కోరమాండల్ ఏదంటే, మన తూర్పు తీరమే.

మన వీధుల్లోనూ ఓడల కంపెనీ పేరొకటి ఊరైంది. సింధియా జంక్షన్. గ్వాలియర్ రాజవంశం పేరు పెట్టుకున్న స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1941లో ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేయించింది. 1948లో జలఉష నీళ్ళలోకి దిగింది. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ పోయి ఎన్నేళ్ళయినా ఆటోవాడు సింధియా, సింధియా అనే పిలుస్తాడు. బి.హెచ్.పి.వి. కూడా 2013లో బి.హెచ్.ఇ.ఎల్.లో కలిసిపోయింది, బస్సు స్టాపు మాత్రం బి.హెచ్.పి.వి.యే.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఒక ఓడ కొన్నాళ్ళు ఆగితే ఒక ద్వీపకల్పానికి పేరు పడింది. ఒక కంపెనీ గేటు పెడితే జంక్షనుకి పేరు పడింది. ఉక్కు కర్మాగారం కోసం 64 ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి, మన గాజువాక చుట్టూ నిర్వాసిత కాలనీలు లేచాయి. నిర్వాసితులకి ఇచ్చిన ఆర్ కార్డు లేని ఇల్లు కొన్ని వీధుల్లో కనపడదు. ఆ 64 పేర్లలో ఎన్ని మన బోర్డుల మీద ఉన్నాయి? ఉక్కునగరంలో సెక్టార్లకి నంబర్లు వేశారు. బయట కాలనీలకి కాలనీ అన్న మాటే మిగిలింది.

మొన్న మాఘమాసంలో నాకొక శుభలేఖ వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి పేరు కింద ప్లాటు నంబరు, నిర్వాసిత కాలనీ, గాజువాక అని చిరునామా. దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో "పూర్వ గ్రామం" అని ఒక పేరు. ఆ ఊరు ప్లాంటు ప్రహరీ లోపలికి పోయి నలభై ఏళ్ళు దాటింది, పెళ్ళికొడుకు దాన్ని చూడనైనా లేదు. ఎందుకు వేయించారని అడిగితే ఆయన తేల్చి చెప్పారు: "కాలనీ పేరు చెప్తే పోస్టుమేన్‌కి తెలుస్తాది బాబూ. మేం ఎవరి తాలూకో మా వాళ్ళకి తెలియాలంటే ఊరి పేరే చెప్పాలి." అమ్మవారి పండగ రోజుల్లో ఆ కాలనీల్లో నడిచి చూడండి. మైకులో చందాదారుల పేర్లు చదివేటప్పుడు పాత ఊరి పేరుతోనే పిలుస్తారు. అంటే పేరు వాళ్ళ వెంట వచ్చింది. వాళ్ళది రెండో ఊరు, పేరు మొదటిదే. కోరింగా, కోరమాండల్ ఎలా ప్రయాణించాయో ఇవీ అలాగే ప్రయాణించాయి. కాకపోతే వాటిని పటంలో ఎక్కించిన చెయ్యి వీటి దగ్గర ఆగిపోయింది.

అధికారులు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. పాత పేర్లు మళ్ళీ పెడితే గందరగోళం, ఒకే పేరు రెండు చోట్ల ఉంటుంది అంటారు. ఉంటే ఏం? దిబ్బపాలేన్నే తీసుకోండి. గంగవరం పోర్టు కోసం కదిలిన మత్స్యకారుల ఊరు దిబ్బపాలెం. అచ్యుతాపురం సెజ్ కింద ఖాళీ అయిన ఊళ్ళలోనూ ఒక దిబ్బపాలెం ఉంది. రెండూ అభివృద్ధి కోసమే ఖాళీ అయ్యాయి, రెండూ కాలనీలయ్యాయి. ఒకదానికి జి., ఇంకోదానికి ఎ. తగిలిస్తే సరిపోతుంది. మాడుగులకి చెయ్యగలిగినవాళ్ళం దిబ్బపాలేనికి చెయ్యలేమా? మిగతాది ఆరంకెల పిన్ కోడ్ చూసుకుంటుంది. గందరగోళానికి మందు ఎప్పటినుంచో మన దగ్గరుంది. మరుపుకి మాత్రం మందు లేదు. ఆర్ కార్డు మొదట చేతికి తీసుకున్న తరం ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటింది.

నగరపాలక సంస్థవారిని ఈ వేదిక మీద నుంచి ఒక్క కోరిక కోరుతున్నాను. నిర్వాసిత కాలనీల బోర్డుల మీద కాలనీ పేరు కింద, అక్కడ స్థిరపడ్డవాళ్ళ పాత ఊరి పేరు కూడా రాయించండి. పెద్ద ఖర్చు కాదు, పెయింటరు ఒక పూట పని. మీ అందరికీ ఇంకో కోరిక. హాలు బయట బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టించాం. మీలో ఊరు వదిలొచ్చిన కుటుంబాలవాళ్ళు దయచేసి అందులో నాలుగు ముక్కలు రాయండి. ఊరి పేరు, దాని చెరువు పేరు, అమ్మవారి పేరు, పొరుగున ఉన్న ఊళ్ళ పేర్లు. రాయడం రాని పెద్దవాళ్ళుంటే మనవళ్ళు పక్కన కూర్చుని రాసిపెట్టండి. అదే పేరు ఇంకెవరైనా అప్పటికే రాసి ఉంటే మానెయ్యకండి, మీదీ రాసి పక్కన ఏ దిబ్బపాలెమో, ఏ గంగవరమో చెప్పండి.